మూడేళ్ల బాబుకి మాటిమాటికీ పిల్లికూతలు: ఇది ఆస్తమానా, చేప మందు వేయించాలా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కదా. బాబుకి మూడేళ్లు. ఐదో నెలలో బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాల వాపు) అని ఆసుపత్రిలో చేర్చారు. ఏడాదిగా జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు, డొక్కలు ఎగరేయడం, నెబ్యులైజర్ పెట్టించడానికి పరుగు. ఇప్పుడు డాక్టర్ స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంలాంటి ప్లాస్టిక్ డబ్బా) బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మూడు నెలలు వాడమన్నారు. మీ అత్తగారేమో ఆ పంపు ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలదనీ, మృగశిర కార్తెకి నాంపల్లి తీసుకెళ్లి చేప మందు వేయిద్దామనీ, వాళ్ల అన్నయ్యగారి మనవడికి వరసగా మూడేళ్లు వేయిస్తే మళ్లీ ఆయాసం మాటే లేదనీ అంటున్నారు.

నేను పిల్లల డాక్టర్ని. ఊపిరితిత్తుల జబ్బులే ఎక్కువగా చూస్తాను, కొంతకాలం మందుల ట్రయల్స్‌లో కూడా పనిచేశాను. మీ బాబుని చూడలేదు కాబట్టి ఏ మందూ మార్చమనీ ఆపమనీ చెప్పను. కానీ ఈ విషయంలో ఏది తెలుసు, ఎలా తెలిసింది అన్నది చెప్పగలను.

మీ అత్తగారు అబద్ధం చెప్పట్లేదు. ఆ పిల్లాడికి నిజంగానే తగ్గి ఉంటుంది. దేనివల్ల తగ్గింది అన్న దగ్గరే పేచీ.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో టూసాన్ అని ఒక ఎడారి ఊరుంది. 1980లో అక్కడి డాక్టర్లు అప్పుడే పుట్టిన పిల్లల్ని ఒక స్టడీలో చేర్చుకోవడం మొదలుపెట్టారు, మొత్తం 1,246 మంది. ఆయాసంతో ఆసుపత్రికి వచ్చినవాళ్లని కాదు, ఏ జబ్బూ లేనప్పుడే పుట్టినవాళ్లని పుట్టినట్టు. అందులోని తెలివంతా అక్కడే ఉంది, ఎందుకంటే మాలాంటివాళ్లు ఆసుపత్రిలో కూర్చుని లెక్కబెడితే తగ్గనివాళ్లే మళ్లీ మళ్లీ కనిపిస్తారు, తగ్గినవాళ్లు ఇంట్లో ఆడుకుంటూ ఉంటారు, వాళ్లు లెక్కలోకే రారు. ఫెర్నాండో మార్టినెజ్ బృందం ఆ పిల్లల్లో మూడేళ్లకీ ఆరేళ్లకీ వివరాలు దొరికిన 826 మంది సంగతి 1995లో ప్రచురించింది. సగం మందికి, అంటే 51.5 శాతానికి, పిల్లికూతలు ఎప్పుడూ రాలేదు. 19.9 శాతం మందికి మూడేళ్లలోపు వచ్చి ఆరేళ్లకల్లా పోయాయి. 13.7 శాతం మందికి మూడేళ్లలోపు మొదలై ఆరేళ్లకి కూడా ఉన్నాయి. మిగతా 15 శాతానికి మూడు దాటాకే మొదలయ్యాయి. ఇందులో మీ బాబులాగా మూడేళ్లలోపే మొదలైనవాళ్లని మాత్రం పక్కకి తీసి చూడండి: పదిమందిలో దాదాపు ఆరుగురికి ఆరేళ్లు వచ్చేసరికి లేవు.

అమెరికా పిల్లల లెక్క మనకెందుకు అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎడారి ఊరి గాలి వేరు, హైదరాబాద్ గాలి వేరు, అంకె అచ్చంగా అలాగే ఉండదు. అయితే ఇంగ్లాండ్‌లో బ్రిస్టల్ చుట్టుపక్కల 1991-92లో పుట్టిన వేలమంది పిల్లల్ని ఇలాగే వెంబడించి చూసినప్పుడు కూడా చిన్నప్పుడు వచ్చి పోయే గుంపు స్పష్టంగానే కనిపించింది.

ఇప్పుడు చేప మందు లెక్క చూడండి. బతికిన కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి మింగిస్తారు, శాకాహారులకైతే బెల్లంలో ఇస్తారు, తర్వాత 45 రోజులు పథ్యం, ఇలా వరసగా మూడేళ్లు. మూడేళ్ల పిల్లాడికి మొదలుపెడితే నాలుగో ఏట రెండోసారి, ఐదో ఏట మూడోసారి, ఆ పథ్యం అయిపోయి కొన్నాళ్లు గడిచేసరికి ఆరేళ్లు. టూసాన్ పిల్లల్లో పదికి ఆరుగురికి ఏ చేపా మింగకుండానే తగ్గిన వయసు సరిగ్గా అదే! అంటే మూడేళ్ల పిల్లల్ని వందమందిని నాంపల్లి తీసుకెళ్తే, అక్కడ వేసేది ఉత్త పసుపు ముద్దే అయినా, అరవై ఇళ్లలో "మావాడికి పూర్తిగా పోయింది" అని నమ్మకంగా, నిజాయితీగా చెప్పేవాళ్లు తయారవుతారు. మిగతా నలభై ఇళ్లవాళ్లు పెళ్లిళ్లలో పేరంటాల్లో దీని గురించి మాట్లాడరు. మాట్లాడినా పథ్యం తప్పి ఉంటారన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఇంకో సంగతి. ఎవరైనా కొత్త మందు కోసం ఎప్పుడు వెతుక్కుంటారు? ఆయాసం ముదిరిపోయి, రాత్రుళ్లు నిద్ర లేక, టెన్షన్ పడలేక విసిగిపోయినప్పుడు. అంత గడ్డుకాలం తర్వాత వచ్చేది ఎలాగూ కాస్త మెరుగ్గానే ఉంటుంది. ఆ మెరుగంతా అప్పుడే మొదలుపెట్టిన మందు ఖాతాలో పడుతుంది, అది చేపైనా, హోమియో మాత్రలైనా, నా ప్రిస్క్రిప్షన్ అయినా సరే.

అవును, నా ప్రిస్క్రిప్షన్ కూడా. నాటువైద్యాన్ని ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదు, అల్లోపతి వాళ్లం కూడా ఇదే గోతిలో పడ్డాం. జలుబుతో పిల్లికూతలు వచ్చిన చిన్నపిల్లలకి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సిరప్ ఐదు రోజులు రాయడం ఎన్నో ఏళ్లుగా మామూలు. రాస్తే మూడో రోజుకి తగ్గేది, అందరం సంతోషించేవాళ్లం. ఇంగ్లాండ్ ఆసుపత్రుల్లో పది నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు 687 మందిని తీసుకుని, ఎవరికి ఏది అందుతుందో డాక్టర్‌కీ తల్లిదండ్రులకీ తెలియకుండా సగం మందికి ప్రెడ్నిసొలోన్, సగం మందికి మందులేని నకలు ఇచ్చి చూశారు. 2009లో ఫలితం వచ్చింది: ఆసుపత్రిలో ఉండాల్సిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నకలు తాగినవాళ్లకి కూడా దాదాపు అంతే త్వరగా తగ్గింది. తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 2018లో వచ్చిన ట్రయల్‌లో కొన్ని గంటల లాభం కనిపించింది కాబట్టి ఈ తగువు పూర్తిగా తేలిపోలేదు. ఆయాసం బాగా ఎక్కువై ఆక్సిజన్ పెట్టాల్సిన పిల్లాడికి స్టెరాయిడ్ ఇవ్వడం వేరే విషయం, అక్కడ వెనకాడకూడదు. నేను అనేది జలుబు చేసిన ప్రతిసారీ ఆ సిరప్ సీసా బయటికి తియ్యడం గురించి.

ఆయాసానికి రాసే మాంటెలుకాస్ట్ అనే మందు సంగతి కూడా ఇంతే. మన దగ్గర లెవొసెట్రిజిన్ అనే అలర్జీ మందుతో కలిపిన ఆ సిరప్ లేని ఇల్లు లేదు. జలుబు మొదలవగానే కొన్నాళ్లు ఇచ్చి ఆపేస్తే పిల్లికూతలు ఆగుతాయా అని బ్రిటన్‌లో 1,300 మందికి పైగా పిల్లల మీద చూశారు, 2014లో వచ్చిన జవాబు: మొత్తమ్మీద లాభం లేదు. పైగా నిద్రలో ఉలికిపాట్లు, చిరాకు, ప్రవర్తనలో మార్పులు రావచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దానిమీద అతిపెద్ద హెచ్చరిక పెట్టించింది. ఇంట్లో ఉంది కదా అని మీ అంతట మీరు పట్టించొద్దు.

"కానీ మావాడికి హాయిగా అనిపించింది కదా" అని అడిగేవాళ్లు ఉంటారు. దీనికి నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది, పిల్లల మీద కాదు, పెద్దవాళ్ల మీద చేసింది, 2011లో వచ్చింది. ఆస్తమా ఉన్నవాళ్లకి ఒకసారి అసలు సాల్బుటమాల్ ఇన్‌హేలర్, ఒకసారి మందులేని నకిలీ ఇన్‌హేలర్, ఒకసారి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఇచ్చారు, ఇంకోసారి ఏమీ ఇవ్వలేదు. ఎలా ఉందని అడిగితే మొదటి మూడింటికీ దాదాపు ఒకే జవాబు, సగానికి సగం తగ్గినట్టుందన్నారు. మిషన్‌లో ఊదించి చూస్తే మాత్రం అసలు మందుకి 20 శాతం మెరుగు, మిగతా మూడింటికీ 7 శాతం దగ్గరే ఆగిపోయింది. అంటే మనిషికి తేలిగ్గా అనిపిస్తోంది, లోపల గొట్టాలు మాత్రం బిగుసుకునే ఉన్నాయి. ఆయాసం విషయంలో నన్ను భయపెట్టేది ఇదే. మోకాలి నొప్పి తగ్గినట్టు అనిపిస్తే తగ్గినట్టే. ఊపిరి అలా కాదు.

ఇక ఐదో నెల బ్రాంకియోలైటిస్. అప్పుడు ఏసీ వేసినందుకా, పెరుగన్నం పెట్టినందుకా ఇదంతా అని మీరు బాధపడుతూ రాశారు. ఆ బాధ వదిలెయ్యండి. అది ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ వల్ల వస్తుంది, రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకీ ఆ వైరస్ తగులుతుంది, కొందరికే రొమ్ముపట్టి ఆసుపత్రి దాకా పోతుంది. వాళ్లలో తర్వాత పిల్లికూతలు ఎక్కువన్నది నిజమే. అయితే వైరస్ ఊపిరితిత్తుల్ని పాడుచేసిందా, లేక ముందే సున్నితంగా ఉన్న ఊపిరితిత్తులే ఆ వైరస్‌కి చిక్కాయా అన్న ప్రశ్న మీద మావాళ్లు దశాబ్దాలుగా కొట్టుకున్నారు. టూసాన్‌లో ఒక పనిచేశారు: ఊపిరితిత్తుల జబ్బు ఒక్కసారి కూడా రాకముందే పసిపిల్లల ఊపిరితిత్తుల పనితీరు కొలిచి పెట్టుకున్నారు. తర్వాత చూస్తే, వచ్చి పోయే పిల్లికూతల గుంపులో ఆ పనితీరు ముందునుంచే తక్కువ. గొట్టాలు పుట్టుకతోనే కాస్త ఇరుకు, పిల్లాడు పెరిగేకొద్దీ అవీ పెరిగాయి, కూతలు పోయాయి. అదే స్టడీలో ఆర్‌ఎస్‌వీ వల్ల వచ్చిన తేడా కూడా 13 ఏళ్లకల్లా లెక్కలోకి రానంత తగ్గిపోయింది. నెదర్లాండ్స్‌లో ఇంకో మెట్టు ఎక్కారు. కాస్త నెలలు తక్కువగా పుట్టిన 429 మందిలో సగం మందికి ఆర్‌ఎస్‌వీని అడ్డుకునే పాలివిజుమాబ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మొదటి ఏడాదిలో పిల్లికూతలు వచ్చిన రోజులు 61 శాతం తగ్గాయి. ఆరేళ్లకి ఊదించి చూస్తే మాత్రం రెండు గుంపుల ఊపిరితిత్తుల్లో తేడా లేదు. కాబట్టి వైరస్ చేసే అల్లరి నిజం, జీవితాంతం ఉండే ఆస్తమాకి అదొక్కటే కారణం కాదు.

మరి మీ బాబు ఆరుగురిలో వాడా, నలుగురిలో వాడా? రక్తపరీక్ష చేసి ఖాయంగా చెప్పే మార్గం లేదు, ఊదించే పరీక్షకి ఈ వయసు సరిపోదు. ఉన్నంతలో టూసాన్ వాళ్లే 2000లో ఒక లెక్క ఇచ్చారు. తల్లికో తండ్రికో ఆస్తమా ఉందా, పిల్లాడికి మోచేతి మడతల్లోనో మోకాళ్ల వెనకో దురదపెట్టే ఎగ్జిమా ఉందా, ఇవి పెద్ద గుర్తులు. జలుబు లేకుండా నవ్వినా పరిగెత్తినా కూతలు వస్తున్నాయా, ముక్కు అలర్జీ ఉందా, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు నాలుగు శాతమో అంతకు మించో ఉన్నాయా, ఇవి చిన్న గుర్తులు. మాటిమాటికీ కూతలు వచ్చే పిల్లాడికి ఒక పెద్దదో రెండు చిన్నవో ఉంటే పాజిటివ్ అంటారు. ఈ లెక్క ఎక్కువగా పనికొచ్చేది ధైర్యం చెప్పడానికే: నెగటివ్ వచ్చినవాళ్లలో 95 శాతానికి పైగా 6 నుంచి 13 ఏళ్ల మధ్య ఆస్తమా లేకుండా ఉన్నారు. పాజిటివ్ వస్తే ఖాయమని కాదు, జాగ్రత్తగా చూసుకోవాలని. మీవారికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని మీరే రాశారు కాబట్టి డాక్టర్ ప్రివెంటర్ (ఆయాసం రాకుండా రోజూ వాడే ఇన్‌హేలర్, మీ బుడెసొనైడ్ అదే) మొదలుపెట్టడం నాకు సబబుగానే అనిపిస్తోంది.

ఆ ప్రివెంటర్ గురించి పూర్తి నిజం చెప్తాను, ఎందుకంటే సగం చెప్తే మిగతా సగం వాట్సాప్‌లో చదువుకుంటారు. అమెరికాలో రెండు మూడేళ్ల పిల్లలు 285 మందికి, ఆస్తమా వచ్చే గుర్తులు ఉన్నవాళ్లకే, రెండేళ్లపాటు బుడెసొనైడ్ లాంటిదే అయిన ఫ్లూటికాసోన్ ఇన్‌హేలర్ లేదా నకలు ఇచ్చి, మూడో ఏడాది అన్నీ ఆపేసి చూశారు, 2006లో ప్రచురించారు. వాడినన్నాళ్లూ బాగా పనిచేసింది, ఆయాసం లేని రోజులు పెరిగాయి. ఆపేశాక రెండు గుంపులూ ఒకటే అయిపోయాయి. అలవాటు కాదు, వదలకుండా పట్టుకోవడం లేదు, కానీ జబ్బు దారిని మార్చడమూ లేదు. కళ్లజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది, తీసేస్తే కనిపించదు, ఇదీ అంతే. ఎత్తు విషయం కూడా దాచను: ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలు 1,041 మందిని తీసుకుని నాలుగైదేళ్లపాటు బుడెసొనైడ్ పరీక్షించిన పెద్ద ట్రయల్ ఒకటి జరిగింది. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కొలిస్తే, మందు వాడినవాళ్లు సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువున్నారు. మూడు నెలల చిన్న డోసుని దాంతో పోల్చలేం, కానీ అనవసరంగా ఏళ్ల తరబడి సాగదియ్యకూడదని చెప్పడానికి అది చాలు. మూడు నెలలయ్యాక తేడా కనిపించకపోతే డాక్టర్‌ని అడిగి ఆపించండి. కనిపించినా, తనంతటే తగ్గిందేమో తేల్చుకోవడానికి ఒకసారి డాక్టర్ చెప్పినట్టు ఆపి చూడాల్సిందే.

తేడా కనిపించలేదంటూ వచ్చేవాళ్లలో చాలామందికి మందు లోపలికే వెళ్లడం లేదు. మాస్క్ చెంపలకి ఆనకుండా పక్కనుంచి గాలి పోతుంటుంది, లేదా పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే అదే అదనని నొక్కేస్తారు. ఏడ్చేటప్పుడు మందు నోట్లోనూ గొంతులోనూ పడుతుంది, ఊపిరితిత్తులకి చేరేది చాలా కొంచెం. ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు ఖాళీ స్పేసర్‌తో ఆడించండి. ఇన్‌హేలర్ బాగా ఊపి, మాస్క్ ముక్కూ నోరూ మూసేలా ఆనించి, ఒక్కసారి నొక్కి, స్పేసర్ కవాటం ఐదారుసార్లు కదిలేదాకా ఆగాలి. రెండో పఫ్‌కి మళ్లీ మొదటినుంచి, రెండూ ఒకేసారి నొక్కేయకూడదు. తర్వాత నోరు కడిగి, మాస్క్ తగిలినచోట మొహం తుడవండి. స్పేసర్‌ని సబ్బునీళ్లలో ముంచి తీసి గుడ్డతో తుడవకుండా అలాగే ఆరనివ్వాలి, తుడిస్తే ప్లాస్టిక్‌కి స్టాటిక్ పట్టి మందంతా గోడలకే అంటుకుంటుంది.

స్పేసర్ నెబ్యులైజర్ అంత బాగా పనిచెయ్యదేమోనని అనుమానం వద్దు, ఆయాసం వచ్చినప్పుడు స్పేసర్‌తో ఇచ్చే రిలీవర్ (సాల్బుటమాల్ లాంటి, వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్) కూడా దానికి తీసిపోదని ఎన్నో ట్రయల్స్‌లో తేలింది. స్పేసర్ కొనలేనివాళ్ల కోసం కేప్‌టౌన్‌లో హెదర్ జార్ అనే డాక్టర్ 500 మిల్లీలీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ లాంటి ప్లాస్టిక్ సీసా అడుగున కన్నం చేసి, ఇన్‌హేలర్ మూతిని అందులో గాలి పోకుండా బిగించి, కంపెనీ స్పేసర్‌తో పోల్చి చూశారు. 1999లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం సీసా దాదాపు సమానంగా పనిచేసింది, థర్మోకోల్ కప్పు మాత్రం తేలిపోయింది. పరిశోధన అంటే ఇలా ఉండాలని నాకనిపిస్తుంది.

పొగ విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. దక్షిణ కాలిఫోర్నియాలో ఏళ్లు గడిచేకొద్దీ గాలి శుభ్రపడింది. అక్కడ వేర్వేరు కాలాల్లో పెరిగిన పిల్లల్ని పోలిస్తే, 15 ఏళ్లకి ఊపిరితిత్తుల పనితీరు బాగా తక్కువగా ఉన్నవాళ్లు 7.9 శాతం నుంచి 3.6 శాతానికి తగ్గారని 2015లో తేలింది. అలాగని పొగ తగ్గిస్తే అన్నీ తగ్గిపోతాయనీ కాదు. మన తమిళనాడులోనూ మరో మూడు దేశాల్లోనూ దాదాపు 3,200 మంది గర్భిణుల ఇళ్లలో సగానికి కట్టెలపొయ్యి బదులు గ్యాస్ ఇచ్చి చూస్తే, పొగ బాగా తగ్గినా పసిపిల్లల్లో తీవ్రమైన న్యుమోనియా మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు, 2024లో వచ్చిందీ ఫలితం. మాలో చాలామంది తగ్గుతుందనే అనుకున్నారు. ఏదేమైనా మామగారు బాల్కనీలో సిగరెట్ కాల్చి లోపలికొచ్చి మనవణ్ణి ఎత్తుకోవడం, మూసిన గదిలో దోమల కాయిల్, ఇవి రెండూ ఇవాళే ఆపించండి.

దగ్గు సిరప్‌లు వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన సిరప్ తాగి పిల్లలు చనిపోయిన తర్వాత కేంద్రం కూడా రెండేళ్లలోపు వాళ్లకి అసలు రాయొద్దనీ, ఐదేళ్లలోపు సాధారణంగా సిఫారసు చెయ్యబోమనీ మళ్లీ చెప్పింది. ఏడాది దాటిన పిల్లాడికి పడుకునేముందు అరచెంచా తేనె వాటికంటే నయం.

చేప మందు వేయిస్తే తప్పేంటని అడిగారు. ఫార్ములా కుటుంబ రహస్యం, అందులో ఏముందో బయటికి చెప్పని మందుని నకలుతో పోల్చి పరీక్షించడం కష్టం. దానికంటే నా భయం వేరే. ఊపిరి సరిగ్గా ఆడని, ఏడుస్తున్న మూడేళ్లవాడి గొంతులోకి జారిపోయే ప్రాణమున్న చేపని వేలితో తొయ్యడం, వేల మంది తోసుకునే క్యూలో గంటలు నిలబెట్టడం, అన్నిటికన్నా ముఖ్యంగా "మందు వేశాం కదా" అని ఇన్‌హేలర్ ఆపేయడం. మీ అత్తగారితో గొడవపడకండి. ఈ ఏడాదికి డాక్టర్ చెప్పింది వాడి చూద్దామనండి, వారం వారం ఎన్ని రాత్రులు దగ్గాడో క్యాలెండర్ మీద ఆవిడ చేతే గుర్తు పెట్టించండి. మనవడికి తగ్గడమే ఆవిడకీ కావాల్సింది.

ఒక చివరి సంగతి, ఇది మాత్రం ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పుట్టినప్పటినుంచీ కూతలు ఉన్నా, నాలుగు వారాలు దాటినా తడిదగ్గు పోకపోయినా, బరువు పెరగకపోయినా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా, వేరుశనగ గింజో సీతాఫలం గింజో నోట్లో ఉండగా పొలమారి అప్పట్నుంచి ఆయాసం మొదలైనా, ఇది మామూలు పిల్లికూతల కథ కాదు, ఆ మాట డాక్టర్‌కి స్పష్టంగా చెప్పాలి. ఆయాసం వచ్చిన రోజు బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, నిమిషం నిండా ఊపిరి లెక్కబెట్టండి. వాడి వయసుకి 40 అంతకు మించి ఉంటే అదే రోజు చూపించాలి. పక్కటెముకల కింద గుంట పడుతున్నా, నీళ్లు తాగలేకపోతున్నా, మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మత్తుగా వాలిపోతున్నా, రిలీవర్ ఇచ్చిన కాసేపటికే మళ్లీ ఎగశ్వాస మొదలైనా తెల్లారేదాకా ఆగొద్దు, దారిపొడుగునా స్పేసర్‌తో రిలీవర్ ఇస్తూనే దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లిపోండి.